శనివారం ఆఖరి పీరియడ్

కల్పలత టీచర్‌కు వార్త చదవడం నేర్పింది వాళ్ల బాపు తుకారాం. ఆయన సికింద్రాబాద్ స్టేషన్ పార్సిల్ ఆఫీసులో పనిచేసేవాడు. తెల్లవారుజామున రైళ్లకెక్కించే పేపర్ల కట్టల్లో కొన్ని తెగిపోయేవి, కొన్ని వానకు తడిసేవి. అట్లా పనికిరాకుండా పోయినవాటిని డ్యూటీ దిగి వచ్చేటప్పుడు చంకలో పెట్టుకొచ్చేవాడు. ఒక తెలుగు పేపరు, ఒక ఉర్దూ పేపరు, ఒక ఇంగ్లీషు పేపరు. మూడింటినీ చాప మీద పరిచి, ఒకే సంగతిని ఎవరు ఎట్లా రాశారో కూతురికి చదివి చెప్పేవాడు. ఒకదాంట్లో గొడవ అన్నదాన్ని ఇంకోదాంట్లో దాడి అనేవాళ్లు. మూడోదాంట్లో ఆ సంగతే ఉండేది కాదు.

“గిది రాసినోడు ఆడ ఉన్నడా బిడ్డా? చూసినోడు చెప్పిండా, విన్నోడు చెప్పిండా?” అని అడిగేవాడు. గల్లీలో ఎవరేం చెప్పినా ఆయన నోట మొదట వచ్చే మాట “నువ్వు చూసినవా?” అన్నదే. ఆయన భార్య పుష్పమ్మకు ఇది విసుగు. “గీ మనిషితోని ముచ్చట పెట్టాలంటే సాక్షిని ఎంబడి తోల్కపోవాలె” అనేది.

ఆ చాప మీద కూర్చుని చదువుకున్న పిల్ల పెద్దదై, బీఈడీ చేసి, బన్సీలాల్‌పేట్ వెనక గల్లీల్లో ఉన్న సర్కారు హైస్కూల్లో సోషల్ టీచర్ అయింది. పెళ్లి ఎందుకో కుదరలేదు, దానికామె పెద్దగా దిగులుపడిందీ లేదు. తల్లి పోయాక ఇంట్లో తండ్రీకూతుళ్లిద్దరే మిగిలారు. పొద్దున ఇద్దరికీ వంట చేసి, తండ్రికి మందులు చేతికిచ్చి, బస్సెక్కి బడికి వచ్చేది. ఆమె క్లాసుల్లో కూర్చునేవాళ్లంతా మోండా మార్కెట్ హమాలీల పిల్లలు, పెయింటర్ల పిల్లలు, ఇళ్లల్లో పని చేసేవాళ్ల పిల్లలు. ఆ పిల్లలంటే ఆమెకు ప్రాణం. అట్లాగని ముద్దు చేసే మనిషి కాదు. హోంవర్కు చేయకపోతే బయట నిలబెట్టేది, మధ్యాహ్నం తినకుండా తిరిగేవాణ్ణి పట్టుకొచ్చి కంచం ముందు కూర్చోబెట్టేది.

ఒక ఏడు బళ్లో నులిపురుగుల గోళీలు పంచే రోజున పెద్ద రభస జరిగింది. ఆ గోళీ మింగిన పిల్లలు ఎక్కడో చచ్చిపోయారని ఫోన్లలో ఒక ఆడియో తిరిగింది. పదకొండు కొట్టేసరికి తల్లులంతా గేటు మీద పడ్డారు. గేటు తీయకపోతే కొందరు గోడెక్కి పిల్లల్ని అవతలికి గుంజుకున్నారు. ఒక తల్లి కొడుకు నోట్లో వేలు పెట్టి, మింగిన గోళీని కక్కించింది. ఆ పిల్లవాడు రెండు రోజులు గొంతు నొప్పితో ఏడ్చాడు. గోళీ వల్ల ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ సాయంత్రమే కల్పలత హెడ్‌మాస్టర్ సత్యదేవ్ గదికి వెళ్లింది. “సార్, తొమ్మిదో తరగతికి శనివారం ఆఖరి పీరియడ్ నాకియ్యున్రి. వార్త ఎట్ల చూడాల్నో చెప్త” అంది. సత్యదేవ్ మంచివాడే, గొడవలంటే మాత్రం భయం. “పొలిటిక్స్ రానియ్యకు మేడం” అని ఒప్పుకున్నాడు.

అట్లా మొదలైంది శనివారం క్లాసు. ఏటా కొత్తగా వచ్చే తొమ్మిదో తరగతి పిల్లలకు మొదట ఆటలాగా ఉండేది. ఇంట్లో ఫోన్లకు వచ్చిన ఫార్వర్డ్‌లు చెప్పేవాళ్లు, ఆమె బోర్డు మీద రాసేది. ఎవరు చెప్పిన్రు? ఎక్కడిది, ఎప్పటిది? ఇంకెవరన్న చెప్తున్నరా? ఈ ప్రశ్నలు వాళ్లకు ఎక్కాల్లాగా నోటికొచ్చేశాయి. ఒకసారి ఆమె తనే కంప్యూటర్‌లో ఒక దొంగ సర్క్యులర్ తయారుచేసి తెచ్చింది. భారీ వర్షాల వల్ల బడికి సెలవని దాంట్లో ఉంది, కింద గుండ్రటి స్టాంపు కూడా ఉంది. క్లాసంతా కేకలు పెట్టింది. వెనక బెంచీలోంచి దుర్గేష్ లేచాడు.

“టీచర్, గా తారీఖు ఆదివారం. ఆదివారం సెలవిచ్చుడేంది?”

క్లాసంతా నవ్వింది. ఆమెకూ నవ్వొచ్చింది. దుర్గేష్ వాళ్ల నాన్న రాజేందర్ మోండా మార్కెట్లో ఉల్లిగడ్డలు అమ్ముతాడు. పిల్లవాడు చురుకు. ఫోటో ఎక్కడిదో వెతకమంటే చిటికెలో వెతికేవాడు. తండ్రి ఫోను కంటే వాడి చేతిలో ఉన్న పగిలిన అద్దం ఫోనే నయమని ఆమె అంటే మురిసిపోయేవాడు.

ముందు బెంచీలో కూర్చునే అఫీఫా తక్కువ మాట్లాడేది. పెయింటింగ్ పనికి పోయే దస్తగిరి కూతురు. తల్లి లేదు, నాయనమ్మ ఖమర్ బీ పెంచింది, దాదీ అని పిలిచేది. ఆ పిల్ల అందరిలాగా తప్పు పట్టడానికి చెయ్యెత్తేది కాదు. ఒక రోజు మాత్రం క్లాసయ్యాక వచ్చి నిలబడింది.

“టీచర్, అబద్ధమని తెలిసినంక ఎవరికి చెప్పాలె?”

“మనకు పంపినోళ్లకే చెప్పాలె.”

“వాళ్లు వినకపోతే?”

“వినేదాంక చెప్పాలె” అంది కల్పలత. ఆ జవాబు ఆమెకే సగం సగంగా అనిపించింది. అయినా గంట కొట్టారు, పిల్ల వెళ్లిపోయింది.

ఖమర్ బీని ఆ గల్లీల్లో చాలామంది చూసే ఉంటారు. సన్నటి ముసలామె. భుజాన తాడుకు గుచ్చిన గాజుల మలారం, చేతిలో రెగ్జిన్ సంచి. ఇంటి గడప ముందు కూర్చుని ఆడవాళ్ల చేతులు పట్టుకుని, సబ్బు నురగ రాసి, ఒక్క గాజు చిట్లకుండా ఎక్కించేది. కల్పలత కూడా ఒకసారి స్టాఫ్ రూములో ఆమెతో గాజులు వేయించుకుంది. “చెయ్యి వదులు పెట్టు టీచరమ్మా, నువ్వు గట్టిగ పెడితే గాజుకు తక్లీఫ్ అయితది” అందామె.

ఆ వానాకాలం పిల్లల దొంగల పుకారు షురూ అయింది. బైకు మీద వచ్చిన ఇద్దరు, వాకిట్లో ఆడుకునే పిల్లవాణ్ణి ఎత్తుకుని పోతున్న వీడియో ప్రతి ఫోనులోకీ వచ్చింది. తల్లులు పిల్లల్ని ట్యూషన్‌కు పంపడం మానేశారు. శనివారం నాడు కల్పలత ఆ వీడియోనే క్లాసుకు తెచ్చింది. పిల్లలు గుంపులుగా కూర్చుని వెతికారు. దుర్గేష్ గుంపు పట్టుకుంది. అది వేరే దేశంలో, పిల్లల విషయంలో జాగ్రత్తగా ఉండమని చెప్పడానికి తీసిన నాటకం. ఎత్తుకుపోయినవాళ్లు చివర్లో పిల్లవాణ్ణి తెచ్చి దింపేస్తారు, ఒక అట్ట పట్టుకుని చూపిస్తారు. మనకొచ్చినదాంట్లో ఆ చివరి భాగం కోసేశారు.

క్లాసంతా చప్పట్లు కొట్టింది. పిల్లలే ఒక మెసేజ్ రాశారు. ఈ వీడియో అబద్ధం, భయపడకండి, మేము తొమ్మిదో తరగతి పిల్లలం, పరీక్షించి చెప్తున్నాం అని. ఇంటికి పోయి అందరి గ్రూపుల్లో పెడతామన్నారు. ఆ సాయంత్రం బస్సులో నిలబడి వస్తూ కల్పలత తనలో తాను నవ్వుకుంది. ఏళ్ల తరబడి చెప్పిన పాఠం ఒక్కటన్నా మొలకెత్తిందనుకుంది.

మరునాడు ఆదివారం ఒక ఆడియో వచ్చింది. ఎవరో ఆడమనిషి, మన దిక్కు గొంతే, రొప్పుతూ చెబుతోంది. “అక్కా, జెర పైలం. మన బన్సీలాల్‌పేట్ల సుత తిరుగుతున్నరు. గాజులమ్మేటోళ్ల లెక్క వస్తున్నరు. సంచిల మత్తు బిస్కెట్లున్నయి.” పిల్లలు రాసిన మెసేజ్ ఆ ఆడియో కింద ఎక్కడో కూరుకుపోయింది.

సోమవారం బడి వదిలిన వేళ. ఖమర్ బీ ఒక గల్లీలోంచి ఇంకో గల్లీలోకి తిరుగుతుంటే మూడేళ్ల పోరడొకడు దారి తప్పి, చొక్కా చివర నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాడు. ఆమె వాణ్ణి ఎత్తుకుంది. సంచిలోంచి బిస్కెట్ తీసి ఇచ్చింది. ఎవరి పోరడమ్మా వీడు, ఎవరి పోరడు అని గడప గడపకూ అడుగుతూ పోతోంది. రెండో గల్లీ మలుపులో ఒకామె చూసింది. భుజాన గాజులు, సంచి, బిస్కెట్, ఏడుస్తున్న పిల్లవాడు. ఆడియోలో చెప్పినట్టే ఉంది.

ఆమె అరిచింది. తలుపులు తెరుచుకున్నాయి. ఆ తర్వాత ఎవరు ముందు చెయ్యి వేశారో ఎవరూ చెప్పలేదు. పోరణ్ణి గుంజుకున్నారు. ముసలామెను ఒక ఇంటి మెట్ల మీది నుంచి ఈడ్చారు. మలారం తెగి గాజులన్నీ పగిలి, కొన్ని ఆమె కిందే పడి గుచ్చుకున్నాయి. “పోరడు తప్పిపోయిండయ్యా, వాని అమ్మను వెతుకుతున్న” అంటూనే ఉందట. పోలీసులు వచ్చేసరికి తుంటి ఎముక విరిగి, మూలుగు కూడా రాకుండా పడి ఉంది.

కల్పలతకు ఆ రాత్రి ఏమీ తెలియదు. మంగళవారం అఫీఫా రాలేదు. ఇంటర్వెల్లో అటెండర్ చెబితే పర్సు కూడా తీసుకోకుండా ఆటో ఎక్కి పెద్దాసుపత్రికి పోయింది. వార్డు బయట నేల మీద దస్తగిరి కూర్చుని ఉన్నాడు. చేతులకు ఇంకా నీలం రంగు మరకలున్నాయి. పని మధ్యలోంచి వచ్చినవాడు వచ్చినట్టే ఉండిపోయాడు.

“అమ్మీకి మత్తిచ్చిన్రు టీచర్” అన్నాడు. తన చేతులు చూసుకుని, “ముప్పై ఏండ్లసంది తిరుగుతున్నది గా గల్లీల్ల. అందరి పెండ్లిళ్లకు గాజులేసింది” అన్నాడు.

అఫీఫా మంచం పక్కన నిలబడి ఉంది. టీచర్‌ని చూసి ఏడవలేదు. దాదీ చేతుల్లోంచి నర్సు తీసిన గాజు పెంకులు కట్టుగుడ్డలో ఉంటే, వాటి వంక చూస్తోంది.

బుధవారానికి వీడియో వచ్చింది. ముసలామె చేతుల్లోంచి పిల్లవాణ్ణి జనం గుంజుకోవడం, వాడు కేక పెట్టడం, ఎవరో “దొరికింది, దొరికింది” అనడం. అంతే ఉంది. కింద ఎవరో రాశారు, ‘సికింద్రాబాద్‌లో పట్టుబడ్డ పిల్లల దొంగ’ అని. సాయంత్రానికి అది ఊళ్లు దాటిపోయింది.

ఆ వీడియోలో తీసినవాడెవడో తెలిపే గుర్తేమీ లేదు. కల్పలతకు అది తెలిసింది దుర్గేష్ ముఖం చూసి. గురువారం క్లాసులో వాడు తలెత్తలేదు. బడి వదిలాక ఆమె వాణ్ణి ఖాళీ క్లాసు రూములో కూర్చోబెట్టింది.

“నువ్వు ఆడ ఉన్నవా?”

వాడు తలూపాడు.

“నువ్వే తీసినవా?”

“మీరే చెప్పిన్రు కద టీచర్, మొదలు తీసినోడు ఎవరో ఎరుకుండాలె అని. అందుకే నేనే మొత్తం తీసిన. ఆమె పోరన్ని ఎత్తుకొని ఇండ్లకాడ అడుగుతున్నప్పటి సంది తీసిన. స్టేటస్‌ల అంత పెద్దది పట్టలే. అందుకని చిన్నగ కోసి పెట్టిన.”

“మొన్న శనివారమే కద దుర్గేష్, అది నాటకమని నువ్వే పట్టుకున్నవు. పిల్లల దొంగలు లేరని నీకు ఎరుకే కద.”

“ఆ వీడియో అబద్ధమని ఎరుకే టీచర్. కని ఆ ముసలామె నిజమని నాకెట్ల ఎరుక?” వాడు బెంచీ అంచు గోటితో గీకసాగాడు. “నేను మీరు చెప్పిన ప్రశ్నలే అడుక్కున్న. ఎవరు చెప్తున్నరు? ఆమెనే చెప్తున్నది, పోరడు తప్పిపోయిండని. ఇంకెవరన్న చెప్తున్నరా? ఎవ్వలు చెప్తలేరు. ఆమె మాట నమ్ముడెట్ల? అట్ల అనుకుంట తీసుకుంట నిలవడ్డ. గంతల కొట్టుడు షురూ చేసిన్రు.”

“ఆపాలనిపించలేదా?”

“అనిపించింది” అన్నాడు. “ఆమె అఫీఫా వాళ్ల దాదీ అని నాకెరుక లేకుండె టీచర్.”

కల్పలతకు వాణ్ణి కొట్టాలనిపించింది, దగ్గరికి తీసుకోవాలనిపించింది. రెండూ చేయలేదు. ఎవర్నీ నమ్మకూడదని తాను ఎప్పుడు చెప్పింది? ఒక్కనాడూ అనలేదు. కాని బోర్డు మీద రాసిన ప్రశ్నల్లో, ఎదురుగా నిలబడి ఏడుస్తున్న మనిషిని ఎట్లా చూడాలో చెప్పే ప్రశ్న ఒక్కటీ లేదని అప్పుడే తట్టింది.

“మొత్తం వీడియో నీ ఫోన్ల ఉన్నదా?”

“ఉంటుండె. బాపు తీసేసిండు. ఫోను సుత గుంజుకున్నడు.”

మరునాడు పొద్దున ఆమె మోండా మార్కెట్‌కు పోయింది. రాజేందర్ ఉల్లిగడ్డల కుప్ప వెనక కూర్చుని పొట్టు ఊదుతున్నాడు. టీచర్‌ని చూడగానే లేచాడు, కూర్చోమని తన స్టూలు తుడిచాడు.

“అన్నా, ఆ వీడియో మొత్తం ఉంటే ఆ ముసలామె దొంగ కాదని అందరికీ ఎరుకైతది. పోలీసులకు ఇద్దాం. పిలగానికి ఏం కాకుండ నేను చూసుకుంట. ఆ ఫోను దుకాణంల ఇస్తే మల్ల తీస్తరంట.”

“ఫోను లేదు టీచర్. ఇనుప సామానోనికిచ్చిన, పలగ్గొట్టి.”

“ఎందుకట్ల చేసినవ్?”

రాజేందర్ తక్కెడ పళ్లెం పక్కకు జరిపాడు. గొంతు తగ్గించాడు. “అండ్ల కొట్టినోళ్లంత కనపడుతున్నరు. మా ఎదురింటి ఆయనున్నడు. మా వదిన ఉన్నది. నా కొడుకు తీసిన వీడియోతోని వాళ్లను లోపలేస్తే, రేపు నేను ఏ మొఖం పెట్టుకొని గా గల్లీల ఉండాలె? మీరు బడికాడికెల్లి బస్సెక్కి పోతరు. మేం గాడనే బతకాలె.”

“గా ముసలామె?”

“పాపమే” అన్నాడు రాజేందర్. అబద్ధం కాదది, నిజంగానే కళ్లు తుడుచుకున్నాడు. “ఏం చేయాల్నో చెప్పున్రి. వేరే ఏదన్న చెప్పున్రి, చేస్త.”



అయినా కల్పలత పోలీస్ స్టేషన్‌కు పోయి తనకు తెలిసింది చెప్పింది. దుర్గేష్‌ను తండ్రితో పాటు పిలిపించి అడిగారు. తానేమీ చూడలేదన్నాడు వాడు. తండ్రి పక్కనే కూర్చుని ఉన్నాడు. ఇన్‌స్పెక్టర్ ఆమెను అవతలికి పిలిచి, “మేడం, ఆమెకు ఏ దొంగతనంతోని సంబంధం లేదని మేం ప్రకటన ఇచ్చినం. గల్లీల ఒక్కడన్న నోరు విప్పాలె కద” అన్నాడు. ఆ ప్రకటన ఆమె తన ఫోనులోని ప్రతి గ్రూపులోనూ పెట్టింది. ఎవరో చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. ఇంకొకరు గుడ్ మార్నింగ్ పెట్టారు.

తప్పిపోయిన పోరడి ఇల్లు కూడా వెతుక్కుంటూ వెళ్లింది. వాడి తల్లి తలుపు సగం తెరిచింది. “అక్కా, ఆమె నీ కొడుకును కాపాడిందమ్మా, ఒక్కమాట చెప్తే చాలు” అంది కల్పలత. తల్లి వెనక నుంచి ఎవరో మగగొంతు పిలిచింది. “మాకేం తెల్వదు” అని తలుపేసింది. ఆ నెలలోనే వాళ్లు ఇల్లు ఖాళీ చేసి పోయారు.

చివరికి తనే ఫోను ముందు కూర్చుని మాట్లాడింది. నేను ఈ బళ్లో టీచర్‌ని, ఆ ముసలామె మా విద్యార్థిని దాదీ, దారి తప్పిన పిల్లవాణ్ణి తల్లికి అప్పజెప్పాలని తిరిగింది, దయచేసి ఆ వీడియో తీసేయండి అని చెప్పింది. కొద్దిమంది చూశారు. కింద ఒకడు, నీకెంత ఇచ్చిన్రు అని రాశాడు. ఇంకొకడు బడి పేరు అడిగాడు. వారం తిరక్కుండా నలుగురు తండ్రులు హెడ్‌మాస్టర్ గదిలో కూర్చున్నారు.

వాళ్లు పోయాక సత్యదేవ్ ఆమెను పిలిచాడు. చాయ్ తెప్పించాడు.

“మేడం, నీ మీద నాకు గౌరవమే. కని తల్లిదండ్రులు పరేషాన్ అవుతున్నరు. సదువు చెప్పమంటే ఫోన్లు నేర్పుతున్నదట అంటున్నరు. గా వీడియో తీసింది మన పిలగాడేనని సుత ముచ్చట బయటికొచ్చింది. శనివారం పీరియడ్ లెక్కల సార్‌కు ఇస్తున్న.”

“సరే సార్” అంది కల్పలత. సత్యదేవ్ వాదన కోసం సిద్ధపడి కూర్చున్నాడేమో, ఆ మాట విని ఇబ్బంది పడ్డాడు. ఆమె చాయ్ తాగకుండానే లేచి వచ్చింది. ఆ పీరియడ్‌లో ఇక ఏం చెప్పాలో ఆమెకే తెలియదు.

అన్నిటికంటే ఆమెను కుంగదీసింది ఇంట్లో జరిగింది. తుకారాంకు కళ్లల్లో శుక్లాలు. ఆపరేషనైనా చిన్న అక్షరాలు పట్టవు. పేపర్లు ఆగిపోయి చాలా కాలమైంది. ఫోను మాత్రం చదవనక్కర్లేదు, అదే మాట్లాడుతుంది. పొద్దంతా దాన్ని చెవి దగ్గర పెట్టుకుని కుర్చీలో కూర్చుంటాడు. దసరా సెలవుల్లో ఒక పొద్దున ఆమె బియ్యం ఏరుతుంటే పిలిచాడు.

“బిడ్డా, గిటు రా. పాలమూరు దిక్కు పిల్లల దొంగను పట్టుకున్నరంట. ఎంత ముసల్దో చూడు. మన జమానాల గిట్లాంటియి లేకుండె.”

అదే వీడియో. కింద ఊరి పేరు మారింది. ఖమర్ బీ ముఖం అట్లాగే ఉంది.

“బాపు, గిది పాలమూరు కాదు. మన బడి వెనక గల్లి. ఆమె మా అఫీఫా దాదీ. దొంగ కాదు. తప్పిపోయిన పోరన్ని ఇంటికి చేర్చబోయింది. దవాఖానల పడ్డది, నేను పోయి చూసొచ్చిన.”

తుకారాం ఫోను మీంచి తలెత్తి ఆమె వంక చూశాడు. ఆయన ముఖంలో కోపం లేదు, ఎప్పటిలాగే నేర్పే ముఖమే.

“ఆమె పోరన్ని ఎత్తుకున్నప్పుడు నువ్వు చూసినవా?”

కల్పలత చేతిలో చాట అట్లాగే ఆగిపోయింది. “చూడలే బాపు.”

“నేను చూసిన” అన్నాడాయన ఫోను మీద వేలు పెట్టి. “నా కండ్లతోని చూసిన.”

ఆమె వంటింట్లోకి వచ్చి కుళాయి తిప్పి, నీళ్లు వట్టిగా పోతుంటే నిలబడి ఏడ్చింది. తల్లి పోయినప్పుడు కూడా అంత ఏడుపు రాలేదు. అవతలి గదిలో ఆ వీడియో ఇంకోసారి మొదలైంది. తండ్రి ఎవరికో పంపుతున్నాడు. ఒక్కో వేలితో, జాగ్రత్తగా.

దస్తగిరి వాళ్లు ఆ గల్లీలు విడిచి మౌలాలి దిక్కు పోయారు. సంక్రాంతి సెలవులు అయిపోయాక ఒక ఆదివారం కల్పలత ఎంఎంటీఎస్ లోకల్ రైలెక్కి వాళ్లింటికి పోయింది. రేకుల గది. గోడవార మంచం మీద ఖమర్ బీ ఉంది. తుంటి అతికింది కాని నడక రాలేదు. చేతుల మీద మచ్చలు తెల్లగా తేలాయి. గుమ్మం దగ్గర అఫీఫా కూర్చుని బ్లౌజులకు హుక్కులు కుడుతోంది. పక్కన గుడ్డల మూట ఉంది.

“సదువు ఆపకు బిడ్డా” అంది కల్పలత. “ఈడ దగ్గర్ల బడి ఉన్నది. నేను మాట్లాడుత. పరీక్ష రాయి.”

అఫీఫా దారం పంటితో తెంపింది. “వద్దు టీచర్.”

“ఎందుకు?”

“ఏ బడికి పోయినా అందరి ఫోన్లల్ల మా దాదీ ఉంటది.” ఆ పిల్ల గొంతులో నిష్ఠూరం లేదు. “మొన్న ఈడ పక్కింటామెకు వచ్చింది. నాకే చూపించింది. గుర్తుపట్టలే. దాదీ అప్పుడు ఇంత సన్నగ లేకుండె.”

“నువ్వేమన్నవు?”

“ఏమనలే. చెప్తే ఈ ఇల్లు సుత ఖాళీ చేయాలె.”

ఖమర్ బీ మంచం మీద నుంచి చెయ్యి ఊపి దగ్గరికి పిలిచింది. కల్పలత పోయి పట్టె మీద కూర్చుంది. ఆమె మాట ఇప్పుడు మెల్లగా వస్తోంది, మధ్యమధ్య ఆగుతోంది.

“టీచరమ్మా. గా పోరడు ఎట్లున్నడు?”

“ఎవరు?”

“గా పోరడు. శానా ఏడ్చిండు ఆ రోజు. నా చేతులకెల్లి గుంజితే వాని చెయ్యి మెలి పడ్డది. విరిగిందో ఏమో అని నాకు ఫికర్. దస్తగిరిని అడిగితే కోపం చేస్తడు. నువ్వు ఆ దిక్కే ఉంటవు కద.”

ఆ పిల్లవాడి గురించి కల్పలతకు ఏమీ తెలియదు. వాళ్లు ఎక్కడికి పోయారో కూడా తెలియదు. ఖమర్ బీ ఆమె ముఖం వంకే చూస్తోంది.

“మంచిగున్నడు” అంది కల్పలత. “చేతికేం కాలే. అంగన్‌వాడీకి పోతున్నడు.”

“చూసినవా?”

“చూసిన.”

ముసలామె కళ్లు మూసుకుంది. “అల్లా మంచిగుంచాలె” అంది. గుమ్మం దగ్గర అఫీఫా సూది ఆపి ఒక్కసారి టీచర్ వంక చూసింది. మళ్లీ తల వంచుకుని ఇంకో హుక్కు కుట్టసాగింది.

కల్పలత ఇంకాసేపు కూర్చుంది. దస్తగిరి వస్తాడేమోనని చూసింది, రాలేదు. తెచ్చిన పండ్లు మంచం కింద పెట్టి లేచింది. స్టేషన్‌లో ప్లాట్‌ఫారం మీద ఎండ పడుతోంది. బండి వచ్చేదాకా ఆమె బెంచీ మీద కూర్చుంది, చేతులు ఒళ్లో పెట్టుకుని. పక్కన కూర్చున్న ఆడమనిషి ఫోనులోంచి ఎవరో అరుస్తున్నారు. అటు చూడాలని ఆమెకు అనిపించలేదు.